అడిగేదెవరు, రుసుము కట్టేదెవరు?

మన మొహల్లాల్లోని విద్యా సహాయ సంఘాలకు వచ్చే దరఖాస్తుల స్వరూపం గడచిన ఏడెనిమిదేళ్లలో చాలా మారిపోయింది. ఒకప్పుడు ఇంటర్ పరీక్ష ఫీజు, పాలిటెక్నిక్ పుస్తకాలు, ఇంజనీరింగ్ కళాశాల బస్సు ఛార్జీ అని వ్రాసేవారు. ఇప్పుడు ఏడబ్ల్యూఎస్, అజూర్, సీసీఎన్ఏ అని వ్రాస్తున్నారు. దరఖాస్తు పెట్టినవాడు చాలా సందర్భాల్లో నిరుద్యోగి కూడా కాడు. హైదరాబాదులోనో బెంగళూరులోనో అద్దాల భవనంలో కూర్చొని పని చేస్తూ, ఆ భవనం యజమాని జీతాల పట్టీలో మాత్రం పేరులేని కాంట్రాక్టు ఉద్యోగి. ఒప్పందం గడువు ముగియవస్తోంది, ఫలానా సర్టిఫికేషన్ ఉంటే పొడిగిస్తారని ఎవరో చెప్పారు, శిక్షణకూ పరీక్షకూ కలిపి ఇంత కావాలి అని దరఖాస్తు సారాంశం. సంఘం ఇవ్వలేకపోతే తల్లి మెడలోని గొలుసు తాకట్టు దుకాణానికి వెళుతుంది.

ఈ ఖర్చు పెట్టదగినదేనా? అవునని గానీ కాదని గానీ ఒక్క మాటలో చెప్పేవారిని నేను నమ్మను. అయితే ఆ ప్రశ్నకు ముందు వేసుకోవలసిన ప్రశ్న మరొకటి ఉంది. ఆ పత్రాన్ని అడిగినదెవరు? అడిగినవారికి దాని వల్ల ఒరిగేదేమిటి? ఈ రెండూ తెలిస్తే రుసుము ఎవరు కట్టాలన్నది దాదాపు తేలిపోతుంది.

కార్యాలయంలో పని చేసినవారికి ఈ సంగతి సులభంగా అర్థమవుతుంది. గుమాస్తాగా చేరినవాడు పై మెట్టు ఎక్కాలంటే సర్వీస్ కమిషన్ నిర్వహించే శాఖాపరమైన పరీక్షలు గట్టెక్కాలి. సబార్డినేట్ ఆఫీసర్ల అకౌంట్స్ టెస్టు పేరు వింటే మా తరం వారికి ఇప్పటికీ చెమట పడుతుంది. అందులో చాలా పేపర్లు పుస్తకం చూసి వ్రాసేవే. అయినా తప్పేవాళ్లం, ఎందుకంటే ఏ నియమం ఏ పుటలో ఉందో పని చేసినవాడికే తెలుస్తుంది. ఆ పరీక్ష ప్యాసైనంత మాత్రాన గొప్ప గుమాస్తా అయిపోతాడని ఎవరూ అనుకోలేదు. కానీ అది లేనిదే పదోన్నతి జాబితాలో పేరు చేరదని సర్వీసు నిబంధనల్లో అచ్చయి ఉంది. పత్రం విలువ పత్రంలో లేదు, దాన్ని అడుగుతున్న నిబంధనలో ఉంది. టైపు లోయర్, హయ్యర్ పరీక్షల సంగతీ అంతే. టైపిస్టు పోస్టుకు నోటిఫికేషన్ పడినన్నాళ్లూ ఆ ఇన్‌స్టిట్యూట్లు కళకళలాడాయి.

సాఫ్ట్‌వేర్ రంగంలో అలాంటి జీవో ఏదీ లేదు. అందుకే అక్కడ అడిగేవారు ఎవరో వెతికి పట్టుకోవాలి. కాంట్రాక్టు ఉద్యోగి విషయంలో ఆ వెతుకులాట మరింత చిక్కుగా ఉంటుంది, ఎందుకంటే అతనికీ పనికీ మధ్య ఇద్దరో ముగ్గురో ఉంటారు. పని ఒక క్లయింటుది. మనుషులను సరఫరా చేసే ఒప్పందం ఒక వెండరుది. ఆ వెండరు మరొక చిన్న కన్సల్టెన్సీకి చెబుతాడు. జీతం ఇచ్చేది ఆఖరివాడు, పని చెప్పేది మొదటివాడు. 'సర్టిఫికేషన్ తెచ్చుకో' అన్న మాట ఈ గొలుసులో ఏ కొస నుంచి వచ్చిందన్నదే కీలకం.

క్లయింటు తన ఒప్పందంలోనే ఆ పత్రం పేరు వ్రాసి ఉంటే అది దాదాపు నిబంధనతో సమానం. దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ అమెరికా రక్షణ శాఖ. కంప్యూటర్ భద్రతా పనుల్లో ఉన్నవారు, వారు సొంత ఉద్యోగులైనా కాంట్రాక్టర్లయినా, ఆయా స్థాయికి నిర్ణయించిన పత్రాలు కలిగి ఉండాలని ఆ శాఖ 2005లో ఒక నిర్దేశిక వెలువరించింది. కాంప్‌టియా సంస్థ ఇచ్చే సెక్యూరిటీ ప్లస్ అనే పత్రానికి అక్కడ ఇంత గిరాకీ ఏర్పడటానికి పెద్ద కారణం అదే. 2023లో ఆ నిర్దేశిక స్థానంలో కొత్తది వచ్చింది, పద్ధతి మాత్రం కొనసాగుతోంది. అక్కడి కాంట్రాక్టరును 'సర్టిఫికేషన్ అవసరమా' అని అడిగితే నవ్వుతాడు. అది లేనిదే ఆ పనిలో నిలవలేడు. అయితే ఆ పనుల్లో అధిక భాగం ఆ దేశ పౌరులకే దక్కేవి. వాటి గిరాకీని చూపి కర్నూలు కుర్రవాడికి కోర్సు అమ్మడం న్యాయం కాదు. మన దేశంలోనూ ప్రభుత్వ టెండర్లలో ఈ కోవకు చెందిన నిబంధనలు కనిపిస్తాయి. ప్రాజెక్టు నిర్వహణలోనో సమాచార భద్రతలోనో పత్రాలున్న సిబ్బంది ఇంతమంది ఉండాలని, ఉంటే సాంకేతిక బిడ్డుకు ఇన్ని మార్కులని వ్రాస్తారు. అలాంటి టెండరు గెలవదలచిన సంస్థకు పత్రం ఉన్న మనిషి కావాలి.

రెండవ కొస వెండరు. ఇక్కడే మన పిల్లలకు తెలియని రహస్యం ఒకటి ఉంది. రహస్యమనకూడదు, ఆయా సంస్థలు బాహాటంగా ప్రకటించేదే. అమెజాన్, మైక్రోసాఫ్ట్, సిస్కో వంటి సంస్థలు తమ సరుకును అమ్మిపెట్టే, అమర్చిపెట్టే కంపెనీలను భాగస్వాములుగా చేర్చుకొని వాటికి శ్రేణులు కట్టబెడతాయి. పై శ్రేణికి వెళ్లాలంటే ఆ కంపెనీలో పత్రాలున్న సిబ్బంది నిర్ణీత సంఖ్యలో ఉండాలి. శ్రేణి పెరిగితే ఆ కంపెనీకి వ్యాపారం పెరుగుతుంది. అంటే మన పిల్లవాడు తన డబ్బుతో, తన రాత్రుళ్ల నిద్రతో సంపాదించిన పత్రం వెండరు ఖాతాలో ఒక అంకెగా లెక్కకు వస్తుంది. అందులో తప్పేమీ లేదు. కానీ ఆ లాభం ఎవరిదో వారే రుసుము కట్టాలి కదా! ఈ మాట మర్యాదగా అడిగినవారికి పరీక్ష వోచరు దొరికిన సందర్భాలు నేను చూశాను. అడగనివారికి దొరికినట్లు చూడలేదు. 'వాళ్లకు కోపం వస్తుందేమో సార్' అంటారు మన పిల్లలు. భాగస్వామ్య శ్రేణి కోసం మీకు పత్రాలు అవసరమా, అయితే వోచరు ఇస్తారా, ఇవ్వకుంటే ప్యాసయ్యాక రుసుము తిరిగి చెల్లిస్తారా అని ఒక్క ఈమెయిల్ వ్రాస్తే కోపం తెచ్చుకొనే వెండరు, గడువు ముగిసిన నాడు మాత్రం మనల్ని ఆదుకుంటాడా?

మూడవ కొస శిక్షణ అమ్మేవాడు. అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల గోడల మీద ఉండే కాగితాలన్నీ ఆ కొస నుంచి వచ్చినవే. అక్కడ నిజంగా పని నేర్పే గురువులు లేరని అనను. ఎందరో బీద పిల్లలు ఆ ఇరుకు గదుల్లో నేర్చుకొనే పైకి వచ్చారు. కానీ పత్రం కావాలని చెబుతున్నది అతనొక్కడే అయితే ఆ సలహాకు సాక్ష్యబలం లేదు. అమ్మేవాడి సాక్ష్యం ఏ కోర్టులోనూ ఒంటరిగా నిలవదు.

ఇక మన సముదాయానికి ప్రత్యేకమైన సంగతికి వస్తాను. దీని గురించి బయట ఎవరూ వ్రాయరు కాబట్టి కొంచెం విపులంగా చెప్పుకోవాలి.

మన యువకులు సర్టిఫికేషన్ల వెంట పడటానికి ఒక కారణం ఉంది, దాన్ని వారు దరఖాస్తులో వ్రాయరు. 'పేరు చూసి పక్కన పెట్టేస్తున్నారు సార్, కనీసం ఈ కాగితమైనా ఉంటే...' అంటారు. ఇది ఉత్త అనుమానం కాదు. ఆచార్య సుఖదేవ్ థోరాట్, పాల్ అట్‌వెల్ 2007లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో ఒక పరిశోధన ప్రచురించారు. ప్రైవేటు కంపెనీల పత్రికా ప్రకటనలకు ఒకే రకమైన అర్హతలతో, కేవలం పేర్లు మార్చి వేల దరఖాస్తులు పంపారు. అగ్రవర్ణ హిందూ పేరుతో పోలిస్తే తదుపరి దశకు పిలుపు వచ్చే అనుకూలత నిష్పత్తి దళిత పేరుకు 0.67, ముస్లిం పేరుకు 0.33గా తేలింది. అర్హత ఒకటే, కాగితం ఒకటే, పేరే వేరు. దీన్ని చదివినవాడు అర్హతల సంఖ్య పెంచితే సరిపోతుందని ఎలా అనుకోగలడు?

అయితే రెండేళ్ల తరువాత, 2009లో, అభిజిత్ బెనర్జీ, సెంధిల్ ములైనాథన్ తదితరులు ఢిల్లీ ప్రాంతంలో ఇదే తరహా పరిశీలన ఫలితాలు ప్రకటించారు. వారు సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలను, కాల్ సెంటర్ ఉద్యోగాలను విడివిడిగా చూశారు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో ఇతర కులాల, మైనారిటీల పేర్ల పట్ల వివక్ష ఉన్నట్లు వారికి ఆధారం కనిపించలేదు. కాల్ సెంటర్లలో మాత్రం వెనుకబడిన కులాల పేర్లకు పిలుపులు తగ్గాయి. ఈ రెండు పరిశోధనలనూ పక్కపక్కన పెట్టి నేను గ్రహించినది ఇది: పనితనాన్ని కొలిచే గట్టి కొలబద్ద ఉన్న చోట పేరు వెనక్కు పోయే అవకాశం ఉంది. మాటతీరు, 'మనవాడిలా ఉన్నాడా లేదా' అన్న అంచనా మీద నడిచే చోట పేరు ముందుకు వస్తుంది. ఢిల్లీ ఫలితం ఒక నగరానికి, ఒక కాలానికి చెందినది, దాన్ని చూసి నిశ్చింతగా కూర్చోమని కాదు. కానీ సర్టిఫికేషన్ పేరుకు విరుగుడు కావాలంటే అది నిజమైన కొలబద్ద అయి ఉండాలి. అందరి దగ్గరా ఉన్నదీ, నాలుగు రోజుల్లో బట్టీపట్టి తెచ్చుకోగలిగినదీ ఏ కొలబద్దకూ ప్రత్యామ్నాయం కాదు.

ఇంకొక మాట. మనకు 2007 చట్టం ద్వారా వచ్చిన నాలుగు శాతం బీసీ-ఇ రిజర్వేషన్, సుప్రీంకోర్టు 2010 మధ్యంతర ఉత్తర్వుల నీడలో ఇన్నాళ్లుగా విద్యాసంస్థల సీట్లకూ ప్రభుత్వ కొలువులకూ పరిమితమై ఉంది. దాని పుణ్యాన ఎందరో పిల్లలు ఇంజనీర్లయ్యారు. కానీ చదువు ముగించి ప్రైవేటు కంపెనీ వాకిట అడుగుపెట్టిన క్షణం నుంచి ఆ రక్షణ లేదు. అందులోనూ కాంట్రాక్టు ఉద్యోగికి కంపెనీ మానవ వనరుల విభాగం కూడా తన ఫిర్యాదు వినదు, 'నువ్వు మా ఉద్యోగివి కావు, మీ వెండరును అడుగు' అంటుంది. వివక్షను ఎదుర్కొనే బాధ్యతనంతా ఇరవై నాలుగేళ్ల కుర్రవాడి జేబుకు, అతని పరీక్ష రుసుముకు వదిలేయడం మన హక్కుల ఉద్యమానికి తగదు. కాంట్రాక్టు నియామకాల్లో ఎవరిని తీసుకున్నారో, ఎవరిని తిరస్కరించారో లెక్క చూపమని అడిగే గొంతు కూడా మనదే కావాలి. ఆ పని నడుస్తుండగా ఇంటి ఖర్చు సంగతి కూడా చూసుకోవాలి కనుక మళ్లీ లెక్కలోకి వస్తాను.

ఇప్పుడు నడుస్తున్న రుసుములు చూడండి. సిస్కో సీసీఎన్ఏ పరీక్ష 300 డాలర్లు, అంటే మన డబ్బులో పాతిక వేల పైమాటే, పన్ను అదనం. అమెజాన్ వారి ప్రాథమిక క్లౌడ్ పరీక్ష 100 డాలర్లు, దాని పై మెట్టు అసోసియేట్ పరీక్ష 150 డాలర్లు. తప్పితే పద్నాలుగు రోజులు ఆగి మళ్లీ పూర్తి రుసుము కట్టాలి. ఈ రెండు సంస్థల పత్రాలకూ ఆయుర్దాయం మూడేళ్లే. మైక్రోసాఫ్ట్ అజూర్ అడ్మినిస్ట్రేటర్ పత్రానికి ఒక్క ఏడాదే, కానీ దాన్ని ఇంటి నుంచే ఉచితంగా పునరుద్ధరించుకోవచ్చు. కుబర్నెటీస్ అడ్మినిస్ట్రేటర్ పత్రానికి ఒకప్పుడు మూడేళ్ల గడువు ఉండేది, 2024 ఏప్రిల్ నుంచి రెండేళ్లకు కుదించారు. ఆరు నెలల ఒప్పందాల మీద బ్రతికేవాడు ఇలాంటివి మూడు పోగుచేసుకుంటే, ప్రతి రెండు మూడేళ్లకూ కిస్తీ కట్టే ఆస్తిని కొన్నట్లే. పైగా అతనికి పని చేసిన రోజులకే డబ్బు. పరీక్ష కోసం సెలవు పెట్టిన రోజు కూడా ఖర్చులో కలిపి చూడాలి.

అన్ని పరీక్షలూ ఒక్క తీరువి కావు. కొన్నింటిలో నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకోవాలి. రెడ్ హ్యాట్ వారి ప్రాథమిక పరీక్ష, ఇందాక చెప్పిన కుబర్నెటీస్ పరీక్ష అలా కాదు. యంత్రం ముందు కూర్చోబెట్టి 'ఇది పాడైంది, బాగు చెయ్యి' అంటారు. అక్కడ బట్టీ పనికిరాదు. ఇంటర్వ్యూ చేసే ఇంజనీరు కూడా వాటిని కొంత గౌరవంగా చూస్తాడు. కుబర్నెటీస్ పరీక్ష రుసుములోనే రెండవ ప్రయత్నం కూడా కలిసి ఉండటం బీద కుటుంబానికి చిన్న ఊరట కాదు. నన్నడిగితే, సొంత డబ్బు పెట్టవలసే వస్తే చేతిపనిని పరీక్షించే వాటి మీదే పెట్టమంటాను.

మరికొన్నింటికి అనుభవమే ప్రవేశ ద్వారం. సమాచార భద్రతలో పేరున్న సీఐఎస్ఎస్‌పీకి ఐదేళ్ల అనుభవం చూపాలి. డిగ్రీ వంటి అర్హతలుంటే అందులో ఒక ఏడాది తగ్గుతుంది. ప్రాజెక్టు నిర్వహణలోని పీఎంపీకి నాలుగేళ్ల డిగ్రీ ఉన్నవారు 36 నెలలు ప్రాజెక్టులు నడిపి ఉండాలి. ఈ రెండూ వయసు మళ్లిన కాంట్రాక్టరుకు పనికివచ్చేవి, కొత్తవాడికి కావు. అయినా డిగ్రీ చివరి సంవత్సరం విద్యార్థి పీఎంపీ శిక్షణకు సహాయం కోరిన దరఖాస్తు మా ముందుకు వచ్చింది. ఆ పిల్లవాడిది తప్పు కాదు, అతనికి ఆ సీటు అమ్మినవాడిది.

అమ్మకం అంటే గుర్తుకు వచ్చింది. 'ముందు చేరండి, నెలనెలా కట్టండి, వడ్డీ లేదు' అన్న మాటను మన తల్లిదండ్రులు నిలదీసి అడగాలి. సంతకం పెడుతున్నది శిక్షణ సంస్థ కాగితం మీదనా, రుణం ఇచ్చే ఫైనాన్స్ కంపెనీ కాగితం మీదనా? రెండవదైతే, శిక్షణ సంస్థ మూతబడినా వాయిదాలు ఆగవు. వాయిదా తప్పితే జరిమానా, దాని మీద వడ్డీ. వడ్డీని హరామ్ అని ఇంటి గడపలోకి రానివ్వని కుటుంబం, చదవకుండా పెట్టిన సంతకంతో దాన్ని ఇంట్లోకి తెచ్చుకుంటోంది. కాగితం తెలుగులోకి చదివించుకొని అర్థం చేసుకున్నాకే సంతకం పెట్టండి. ఆ పని చేసిపెట్టడానికి ప్రతి ఊళ్లోనూ నాలాంటి విశ్రాంత ఉద్యోగులు ఒకరిద్దరైనా ఉంటారు, కాలక్షేపం కాక కూర్చొని ఉంటారు కూడా.

డంపుల వ్యవహారం మరొకటి. అసలు పరీక్షలో వచ్చే ప్రశ్నలను దొంగిలించి అమ్మే సరుకు పేరది. 'అందరూ అదే చదువుతారు అంకుల్' అన్న జవాబు చాలాసార్లు విన్నాను. పట్టుబడితే పత్రం రద్దు చేసి మళ్లీ పరీక్ష వ్రాయకుండా నిషేధించే హక్కు ఆ సంస్థలకుంది, అభ్యర్థి పరీక్షకు ముందు అంగీకరించే షరతుల్లోనే ఆ మాట ఉంటుంది. పట్టుబడకపోయినా ఇంటర్వ్యూలో రెండవ ప్రశ్నకే బండారం బయటపడుతుంది. దీనికి అన్న లాంటిది లేని అనుభవాన్ని సృష్టించి ఇచ్చే కన్సల్టెన్సీ. ఏదో కంపెనీలో మూడేళ్లు పని చేసినట్లు జీతం చీటీలతో సహా తయారు చేస్తారు. నేపథ్య పరిశీలనలో దొరికితే ఉద్యోగంతో పాటు పేరు కూడా పోతుంది. ఒకడు చేసిన తప్పు పది మంది పేర్ల మీద పడే సముదాయం మనది. అదెంత అన్యాయమైనా వాస్తవం అదే. అమానత్ గురించి జుమా ప్రసంగాల్లో వింటూనే ఉన్నాం, దొంగ అనుభవ పత్రం కూడా అమానత్‌లో ఖియానతే అని ఖతీబులు ఒక్కసారి పేరు పెట్టి చెబితే బాగుంటుంది.

ఇంతా చెప్పాక, ఎవరికి ఈ పత్రాలు నిజంగా మేలు చేస్తాయో కూడా చెప్పాలి. వారిలో నేను ముందు పెట్టేది మన ఆడపిల్లలను. పెళ్లి, పురుడు, అత్తవారింటి బాధ్యతలతో మూడు నాలుగేళ్లు పనికి దూరమై, మళ్లీ ఇంటి నుంచి కాంట్రాక్టు పని చేయాలనుకునే అమ్మాయి బయోడేటాలో ఆ ఖాళీయే అందరికీ కనిపిస్తుంది. నిన్న మొన్నటి తేదీ ఉన్న పత్రం ఆ ఖాళీకి జవాబు చెబుతుంది. 'నా విద్య తుప్పు పట్టలేదు' అని ఆమె నోటితో చెప్పుకోనవసరం లేకుండా కాగితమే చెబుతుంది. ఆమె దరఖాస్తు వస్తే నేను ప్రశ్నలు తగ్గిస్తాను. తరువాత, ఇంజనీరింగ్ కాక బీకామ్, బీఏ, డిప్లొమా చదివి, హెల్ప్ డెస్కుల్లోనో కేబుల్ పనుల్లోనో చేరి చేతితో నెట్‌వర్కు నేర్చుకున్నవారు. వారికి పనితనం ఉంది, పేరు పక్కన చెప్పుకోవడానికి అక్షరాలు లేవు. సీసీఎన్ఏ వంటిది వారికి మంచి పెట్టుబడి. ఒక సాంకేతికత నుంచి మరొక దానికి మారుతున్న అనుభవజ్ఞుడికీ ఒక పత్రం అక్కరకు వస్తుంది. ఒక్కటి చాలు.

మేలు చేయనిది ఎవరికంటే, ఇంకా ఒక్క ప్రోగ్రామూ సొంతంగా వ్రాయని కొత్త పట్టభద్రుడికి. అలాగే, అదే పనిలో పదేళ్లు పండిపోయి, పాత క్లయింట్ల సిఫారసుల మీదే పని దొరుకుతున్న కాంట్రాక్టరుకు. అతనికి పత్రం కంటే ఆరు నెలల ఇంటి ఖర్చు చేతిలో ఉండటం, కుటుంబానికి ఆరోగ్య బీమా ఉండటం ముఖ్యం. కన్సల్టెంటు పేరిట డబ్బు తీసుకునేవారికి భవిష్య నిధి ఉండదు, జీతంతో కూడిన సెలవు ఉండదు. పాతిక వేలు చేతిలో ఉంటే అతడు ముందు ఆ వైపు చూడాలి. గల్ఫ్‌కు వెళ్లదలచినవారు సైతం ఒక తేడా గమనించాలి. వీసా దశలో అడిగేది విశ్వవిద్యాలయ డిగ్రీకి ధ్రువీకరణ. ఈ సర్టిఫికేషన్లు యజమానిని మెప్పించడానికే తప్ప ఆ ధ్రువీకరణకు బదులు కావు.

పాత గుమాస్తాగా ఒక చిన్న జాగ్రత్త చెప్పకుండా ఉండలేను. పరీక్షకు నమోదైన పేరు, చూపించే గుర్తింపు పత్రంలోని పేరు ఒకటే కావాలి. మన పేర్లతోనే ఈ చిక్కు ఎక్కువ. పదవ తరగతి మెమోలో 'ఎండీ', ఆధార్‌లో 'మహమ్మద్', పాస్‌పోర్టులో 'మొహమ్మద్' అని ఇంగ్లీషులో మూడు రకాల అక్షరాలు. 'షేక్' ఒక చోట ఇంటిపేరు, ఇంకొక చోట అసలు పేరులో భాగం. పరీక్ష కేంద్రంలో ఉన్న వ్యక్తికి షేక్, సయ్యద్, పఠాన్‌ల సంప్రదాయం తెలియదు, తెలియవలసిన పనీ లేదు. అక్షరాలు కలవకపోతే వెనక్కు పంపుతాడు, కట్టిన రుసుము పోతుంది. పాస్‌పోర్టు ప్రకారమే నమోదు చేసుకోండి, తేడా ఉంటే పరీక్ష తేదీకి చాలా ముందే సరిదిద్దించుకోండి.

ఇక మన సంఘాల పని. జకాత్ సొమ్మును పరీక్ష రుసుముకు వాడవచ్చునా, ఏ స్థితిలో ఉన్నవారికి వాడవచ్చునన్నది ఉలమాలు చెప్పవలసిన మాట, నేను దాని జోలికి పోను. సదకా, విరాళాల నుంచి ఇచ్చే సొమ్ము విషయంలో మాత్రం నా అభిప్రాయం స్పష్టం. శిక్షణకు ఇవ్వడం ఆపి పరీక్షకు ఇవ్వడం మొదలు పెట్టాలి. నేర్చుకోవడానికి ఖర్చు అక్కరలేని దారులు ఇప్పుడు చాలా ఉన్నాయి. మైక్రోసాఫ్ట్ తన పాఠాలను ఉచితంగా పెట్టింది. సిస్కో నెట్‌వర్కింగ్ అకాడమీలోనూ, అమెజాన్ శిక్షణ వేదికలోనూ ఉచిత పాఠాలున్నాయి. ఐఐటీ ఆచార్యులు బోధించే ఎన్‌పీటీఈఎల్ కోర్సులు చదవడం ఉచితం, పత్రం కావాలంటేనే పరీక్షకు వెయ్యి రూపాయలు. లేనిది ఇంటర్నెట్ ఉన్న ప్రశాంతమైన గది, ఒక కంప్యూటరు, సందేహం తీర్చే పెద్దన్న. మస్జిద్ ఆవరణలోనో షాదీఖానా పై అంతస్తులోనో ఇషా నమాజు తరువాత రెండు గంటలు ఒక గది తెరిచి ఉంచడం మన శక్తికి మించినది కాదు.

రుసుమును దానంగా కాక ఖర్జె హసనాగా, వడ్డీ లేని అప్పుగా ఇద్దాం. పని దొరికాక వాయిదాల్లో తిరిగి చెల్లిస్తే అదే సొమ్ము మరొకరికి వెళుతుంది. దరఖాస్తుతో పాటు మూడు కాగితాలు అడుగుదాం: ఆ పత్రం పేరు వ్రాసి ఉన్న ఉద్యోగ ప్రకటనలో ఈమెయిలో ఒకటి, వెండరును రుసుము అడిగితే వచ్చిన జవాబు, సొంతంగా చేసిన ఒక చిన్న పని నమూనా. మా సంఘంలో కొందరు పెద్దలు దీన్ని వ్యతిరేకిస్తున్నారు. 'ప్రభుత్వ ఆఫీసులో అడిగినట్లు కాగితాలు అడిగితే పిల్లలు మన దగ్గరికి రావడమే మానేస్తారు, తాకట్టు దుకాణానికే పోతారు' అంటున్నారు. ఆ భయం నిరాధారమని చెప్పలేను. అందుకే వెండరు జవాబు కాగితం లేకపోయినా ఫరవాలేదని, అతడు అడిగాడా లేదా అన్నదే చూద్దామని రాజీకి వచ్చాను. మిగతా రెండు కాగితాల విషయంలో వాదన ఇంకా నడుస్తోంది. రంజాన్‌కు ముందు జరిగే సమావేశంలో తేల్చాలి, ఎందుకంటే విరాళాలు వచ్చేదీ అప్పుడే, దరఖాస్తులు పెరిగేదీ అప్పుడే. ఇతర ఊళ్ల సంఘాలవారు తమ పద్ధతులను ఈ పత్రికకు వ్రాస్తే ఆ సమావేశంలో చదివి వినిపిస్తాను.